ఈ వారం సమస్య: చచ్చినట్టివాఁడు సాయపడెను

రంగనాయకులపేట (నిర్వాహకుడు): ఈసారి పాదం నాది కాదు, మా మేనల్లుడిది. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని అర్ధరాత్రి పూట "బతికున్నోళ్ళు ఒక్కరూ పనికిరాలేదు రా, చచ్చినోడే సాయం చేశాడు" అని గావుకేక పెట్టాడు. నా నిద్ర పోయింది గానీ ఆటవెలదికి నాలుగో పాదం దొరికింది. మిగిలిన మూడు పాదాలూ మీరు పూరించాలి. పూరణలో రైడు, అంటే వాడి ఆన్‌లైన్ ఆటలో గుంపుగా దిగే పోరు, ఉండి తీరాలి. పురాణాల్లోకి పారిపోయేవాళ్ళని ఈసారి వదిలేది లేదు. ఎవరిని అంటున్నానో వారికే తెలుసు.

గుండ్లకమ్మ:
ఇంద్రుఁ డడుగ నెముక లిచ్చె దధీచియె;
వజ్ర మగుచు నవియె వైరిఁ గూల్చె;
రైడు నందుఁ గూడ రాజిలు నీనీతి;
చచ్చినట్టివాఁడు సాయపడెను.

పెన్నొడ్డు: వద్దన్న నోటి తడి ఆరకముందే దధీచి! పాపం ఆ రైడుని మూడో పాదంలో వాకిట్లోనే నిలబెట్టి, తాంబూలం చేతిలో పెట్టి పంపేశారు. 'ఇంద్రుఁ', 'లిచ్చె' యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ, మాత్రం బాగా కుదిరింది. ఆ మాట అనకపోతే గుండ్లకమ్మ గారు మళ్ళీ అలుగుతారు.

గుండ్లకమ్మ: అలిగేదెవరో 'పులుసు లేని చోట పులుపు పుట్టె' సమస్య నాడే అందరూ చూశారు. నేను పూరణలో చింతపండు పిసికితే, మామిడికాయ వెయ్యనిది చేపల పులుసే కాదని గొడవ పెట్టుకున్న మహానుభావుడెవరండీ?

పెన్నొడ్డు: ఇప్పటికీ అదే మాట మీద ఉండా. నెల్లూరు పులుసు సంగతి ఒంగోలు వాళ్ళు పద్యం కట్టబోతే అట్టనే ఉంటుంది.

దర్శి కుర్రోడు: పెద్దలకి నమస్కారం. మీరందరూ రైడ్ అంటే దండయాత్ర అనుకుంటున్నట్టున్నారు. దండయాత్రలో సేనాపతి మాట వింటారు, ఇక్కడ ఎవడూ వినడు. నేనాడేది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004లో వచ్చిన ఆటనే 2019లో పాత రూపంతో 'క్లాసిక్' అని మళ్ళీ వదిలారు. అందులో మోల్టెన్ కోర్ అని ఒక నిప్పుల గుహ, 40 మంది కలిసి దిగే రైడ్. 40 మందిని పోగేసేసరికే సగం రాత్రి అయిపోద్ది. ఒకడికి కరెంటు పోతుంది, ఒకడు అన్నం తినొస్తానని పోయి మళ్ళీ కనపడడు. లోపల బ్యారన్ గెడ్డన్ అనే బాస్, అంటే పెద్ద రాక్షసుడు, ఎవడో ఒకడికి బాంబు తగిలిస్తాడు. తగిలినవాడు జనానికి దూరంగా పరిగెత్తితే చాలు, పేలినా వాడొక్కడితోనే పోద్ది. మావాడు కంగారులో మాకు వైద్యం చేసే హీలర్ల గుంపులోకే పరిగెత్తాడు. హీలర్లు పోయాక ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్ ఎంతసేపని నిలబడతాడు? బాస్‌కి పిసరంత ప్రాణం మిగిలుండగా అందరం నేల మీదున్నాం. 'నువ్వు నా మీదికొచ్చావు', 'కాదు నువ్వే అడ్డం నిలబడ్డావు' అని మైకుల్లో ఒకటే రచ్చ. మళ్ళీ నడుచుకుంటూ పోవడం, మళ్ళీ చావడం. తీరా గెలిస్తే 40 మందికి దొరికేది రెండు మూడు వస్తువులు. అవి ఎవరికన్నదాని మీద ఇంకో పంచాయితీ. మొన్న మమ్మల్ని గట్టెక్కించింది ఒక ప్రీస్ట్, హీలర్లలో ఒక రకం. ప్రీస్ట్‌కి ఒక విద్య ఉంది. చచ్చాక కూడా కొన్ని సెకన్లు ఆత్మగా నిలబడి వైద్యం చేస్తాడు. అదే రాశా.

బాసు దెబ్బ తగిలి పడిపోయె హీలరే;
యాత్మరూప మెత్తి యందఱకును
ప్రాణ మూఁదె; తుదకు బాసును గూల్చిరి;
చచ్చినట్టివాఁడు సాయపడెను.

గుండ్లకమ్మ: 'అందఱకును' ద్రుతాంతం, అంటే చివర 'ను' ఉన్న మాట. దాని మీద 'ప' 'బ' అవుతుంది, 'బ్రాణ' అనాలి అబ్బయ్యా, 'ప్రాణ' కాదు. అదే పద్యంలో 'బాసును గూల్చిరి' అని సరిగ్గా రాసి ఇక్కడెట్లా జారావు?

రంగనాయకులపేట: ఆత్మే లేచి వైద్యం చేస్తుంటే మీకు ద్రుతం కనపడిందా సామీ! కుర్రాడూ, 'బ్రాణ' అని దిద్దుకో. ఇంతవరకూ పాదం అడిగిందానికి నేరుగా జవాబిచ్చింది నువ్వొక్కడివే.

మైపాడు అల: తమ్ముడు ప్రీస్ట్‌ని తెచ్చాడు గనక నేను అదే ఆటలోని పాలడిన్ అనే యోధుణ్ణి తెస్తున్నా. తన ప్రాణం ఇచ్చేసి ఒకరి చుట్టూ 3 నిమిషాలు కవచం కడతాడు. ఆ కాసేపు వాళ్ళని ఎవరూ తాకలేరు, వాళ్ళూ ఏమీ చెయ్యలేరు. రాక్షసులు పక్కకి పోయాక ఆ మిగిలినవాడు లేచి అందరినీ బతికిస్తాడు. 2010లో ఆటకి కాటక్లిజం అనే కొత్త భాగం వచ్చినప్పుడు ఈ విద్య ఎత్తేశారు, క్లాసిక్‌లో ఉంది. మా గిల్డ్‌లో, అదే ఆటలో మా జట్టులో, దీనికి ఎవడూ ముందుకు రాడు, వస్తువుల పంపకం దగ్గర మాత్రం అందరూ ముందే!

అందఱొక్కసారి హతమైన వేళలోఁ
బ్రాణ మిచ్చి యొకఁడు వైద్యుఁ గాచె;
వాఁడు లేచి మిగిలినవారిని లేపెను;
చచ్చినట్టివాఁడు సాయపడెను.

పెన్నొడ్డు: అక్కా, మూడో పాదంలో 'న' ఒకటి ఎక్కువైంది. అక్కడ ఇంద్రగణమనే కొలత పడాలి, 'నవారిని' అందులో ఏది? యతి కూడా ఆ 'న' మీదికే పోయి కూర్చుంది. పెళ్ళి బంతిలో పిలవని చుట్టంలాగా ఉండాది. 'మిగిలిన' తీసేసి 'యెల్ల' అనండి, సరిపోద్ది.

మైపాడు అల: మార్చా. "వాఁడు లేచి యెల్లవారిని లేపెను". అందరివీ దిద్దుతుండావు గదా, నీది ఏదబ్బా?

పెన్నొడ్డు:
బాంబు తగిలి బొమ్మ పడిపోయె, వెంటనే
యమ్మ కేక వినియె నబ్బి నేఁడు;
చేప పొలుసు గీకి, చెక్కి మామిడికాయ,
చచ్చినట్టివాఁడు సాయపడెను.

ఆటలో చచ్చినోడికి ఇంట్లో తీరిక దొరికింది. సాయం అమ్మకి.

దర్శి కుర్రోడు: 😂😂 మా ఇంట్లో రోజూ ఇదే. హెడ్‌సెట్ తియ్యగానే గ్యాస్ బండ మార్చమంటారు.

రంగనాయకులపేట: మలుపు అదిరింది. కానీ 'నేఁడు' గణం నింపడానికే వచ్చింది. "యమ్మ కేక నేఁటి కబ్బి వినియె" అని చూడండి. ఇన్నాళ్ళకి వాడి చెవిన పడిందన్న ఎత్తిపొడుపూ అందులోకి వస్తుంది.

గుండ్లకమ్మ: మలుపు నాకూ నచ్చింది. ఒక్క సందేహం. పులుసులోకి మామిడికాయని చెక్కుతారా, ముక్కలు కోస్తారా? 'చేప'కి యతి కావాలని 'చెక్కి' వేశారు. మా చింతపండు ఏ యతి కోసమూ వెయ్యలేదండీ.

మైపాడు అల: దొరికాడు!

పెన్నొడ్డు: చెక్కు తీసి వేసే ఇళ్ళూ ఉండాయి. దీని మీద నేను ఇంక మాట్లాడను. పోతుండా.

గుండ్లకమ్మ: పోయేముందు ఇంటి దగ్గర మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్దతో నీళ్ళు తోడి ఉంచారేమో చూసుకోండి. ఖడ్గతిక్కన మీ నెల్లూరాయనే. యుద్ధం వదిలి ఇంటికొస్తే భార్య చేసిన మర్యాద అదే కదా! నిర్వాహకులు పురాణం వద్దన్నారు, చరిత్ర వద్దనలేదు. ఇదిగో:

రైడు విడిచి పాఱి రాఁగానె భార్యయే
పసుపు ముద్ద పెట్టి పరిహసించె;
మరలఁ బోయి కూలె; మార్గ మేర్పడె నంత;
చచ్చినట్టివాఁడు సాయపడెను.

రంగనాయకులపేట: ఇదీ పూరణంటే! ఎవరి పేరూ చెప్పకుండానే తిక్కన కనపడ్డాడు, రైడు మధ్యలో వదిలిపోయేవాడూ కనపడ్డాడు. దధీచి పద్యం రాసిన చెయ్యేనా ఇది?

దర్శి కుర్రోడు: మాస్టారూ, ఇది కాపీ చేసి మా గిల్డ్ గ్రూపులో పెట్టేశా. మధ్యలో వెళ్ళిపోయేవాడు ఇంతవరకూ నోరు తెరవలేదు.

పెన్నొడ్డు: పోలేదు, ఇక్కడే ఉండా. పద్యం బాగుంది, ఒప్పుకుంటున్నా. 'పసుపు', 'పరిహసించె' చక్కగా పడ్డాయి. కానీ కథలో పసుపు ముద్దకన్నా ముందు మంచం. మంచం లేకపోతే ఆడవాళ్ళ స్నానమన్న ఎగతాళి తెలిసేదెట్ట? తల్లి విరిగిన పాలు పోసిన ముచ్చటా వదిలేశారు.

గుండ్లకమ్మ: నాలుగు పాదాల్లో ఒకటి నిర్వాహకులది. మిగిలిన మూడింట్లో మంచం, పాలు, పసుపు, రైడు అన్నీ ఎక్కడ సర్దమంటారు? మీరు సర్ది చూపించండి.

పెన్నొడ్డు: చూపిస్తా. రేపటిదాకా ఆగండి.

మైపాడు అల: పులుసు సమస్యప్పుడు కూడా రేపన్నాడు.

దర్శి కుర్రోడు: అన్నట్టు రేపు రాత్రి 9 గంటలకి రైడ్. మాకు హీలర్ ఒకడు తక్కువ. ఎవరైనా వస్తారా? వచ్చేవాళ్ళు బాంబు తగిలితే యతి చూసుకుంటూ నిలబడకండి, గోడ వైపు పరిగెత్తండి.