కారం మర వీధిలో ఉండాలా, ఊరి బయటకి పోవాలా?

అడ్డరోడ్డు · ఉదయం 7:10
మా గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్డులో కారం మర ఈ సీజన్‌తో ఆఖరట. షెడ్డు ఓనరు ఆన్‌లైన్ సరుకుల గోడౌనుకి ఇస్తాడని చెప్పుకుంటున్నారు. పక్క అపార్ట్‌మెంటు వాళ్లు ఘాటు, మోత అంటూ కార్పొరేషన్‌లో అర్జీ కూడా పెట్టారు. టైలరు పోయాడు, సైకిలు షాపు పోయింది, ఇప్పుడు మర వంతు. ప్యాకెట్లు దొరుకుతుండగా ఇళ్ల మధ్య కారం మర ఇంకా అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకోవద్దు.

నగరంపాలెం · ఉదయం 7:18
చివరి మాట రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఖాయంగా తిట్టుకుంటారు.

ఫ్లాట్ 302 · ఉదయం 7:40
అవసరం లేదండి. మర దగ్గర లెక్కాపత్రం ఉండదు. 5 కిలోల కాయకి బిల్లుంది నా దగ్గర. చేతికొచ్చిన కారం 4 కిలోల 380 గ్రాములు. మిగతా 620 గ్రాములు ఏమైనట్టు? అడిగితే ‘తరుగు’ అనేసి ఊరుకుంటారు. ప్యాకెట్ మీద 500 గ్రాములని రాసుంటే 500 ఉండాలి, తగ్గితే తూనికలు కొలతల శాఖకి చెప్పుకోవచ్చు. మర మీద ఎవరికి చెప్పుకోవాలి?

రాతిమర · ఉదయం 8:05
302 గారూ, ఆ 620 గ్రాములు మరాయన మింగలేదండి. లెక్క చూడండి. కొన్న రోజు కాయలో చెమ్మ నూటికి 12 పాళ్లు అనుకుందాం. అంటే 5 కిలోల్లో 600 గ్రాములు నీళ్లకే డబ్బులిచ్చారు. రెండు రోజులు గట్టి ఎండ తగిలి చెమ్మ 8 పాళ్లకి దిగితే కాయ 4 కిలోల 780 అయిద్ది. ఇక్కడికే 220 పోయింది, మీరింకా మర గడప తొక్కలేదు. తొడిమలు కాయ బరువులో అయిదారు పాళ్లుంటాయి, అవి తీస్తే ఇంకో 260. మిగిలింది 4 కిలోల 520. మీకొచ్చింది 4 కిలోల 380. మరలో తేడా 140 గ్రాములు. అందులో కొంత రాళ్ల వేడికి ఆవిరయ్యే చెమ్మ, కొంత కాయ పోసే డొప్పకీ, దుమ్ము ఆపే సంచికీ పట్టుకునే పొడి. మర గొంతులో నిలిచేది 2 కిలోలు పోసినా 10 కిలోలు పోసినా దాదాపు ఒకటే, అందుకే తక్కువ ఆడించేవాళ్లకి తరుగు ఎక్కువ కనపడిద్ది. ఇరుగుపొరుగు కలిసి ఒకేసారి ఆడించుకోండని చెప్పేది దీనికే.

ఫ్లాట్ 302 · ఉదయం 8:22
అంటే 140 గ్రాములు పోయిందని ఒప్పుకున్నట్టే కదా.

తాలుకాయ · ఉదయం 8:30
కాయ ఎక్కడ కొన్నారో చెప్పకుండా తరుగు లెక్కలేంటి? ఏసీ కాయ అయితే కోల్డ్ స్టోరేజీ నుంచి బయటికి తీసిన రోజు చెమ్మ పట్టిద్ది. చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడిద్ది, పట్టుకుంటే రబ్బరులా వంగిద్ది. దాన్ని రెండు రోజులు కాదు, మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. మిర్చి యార్డులో టిక్కీ, అంటే కాయ బస్తా, విప్పగానే మేం చూసేది అదే. గుప్పెట్లో నలిపితే పెళపెళమనాలి, ఊపితే గింజ గలగలమనాలి. వంగితే బేరం లేదు.

ఆవకాయ జాడీ · ఉదయం 9:02
తాలుకాయ తమ్ముడు చెప్పింది నిజం. మర బాగాలేదని తిట్టేవాళ్లలో సగం మంది ఎండబెట్టడంలోనే తప్పు చేస్తారు. పచ్చి చెమ్మున్న కాయ పోస్తే జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి, పొడి బయటికి రాక లోపలే తిరిగి తిరిగి కాగిపోయిద్ది. అప్పుడు కారం నల్లబడిద్ది. సిమెంటు డాబా మీద నేరుగా పోయకుండా పాత కాటన్ చీర పరిచి పలచగా నెరపండి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. సాయంత్రం ఎండ దిగకముందే ఎత్తెయ్యాలి, మంచు పడితే చేసిందంతా వృథా. తొడిమ రెండో రోజు ఎండలో తీస్తే చిటుక్కున ఊడొచ్చేస్తది. తెల్లకాయా బూజు కాయా అప్పుడే ఏరెయ్యండి, బూజు పట్టిన కాయని ఎండబెట్టి వాడుకోవచ్చు అనుకోవద్దు.

కూరకి 334 రకం కాయ చాలు. ఆవకాయకి మూడో వంతు బ్యాడిగి రకం కాయ కలిపితే రంగు నిలుస్తుంది. మంట ఎక్కువుండే తేజ రకం ఒక్కటే ఆడించి పచ్చడి పెడితే ఆ జాడీ మూత ఏడాదంతా తియ్యలేరు.

ఆడించాక ముఖ్యమైన పని: ఇంటికి తెచ్చి వెంటనే డబ్బాలో మూత పెట్టొద్దు. గుడ్డ మీద పరిచి చల్లారనివ్వాలి. వేడి మీద మూస్తే మూతకి పట్టిన చెమట మళ్లీ కారంలోనే పడి గడ్డ కడుతుంది. మధ్యలో రెండు ఇంగువ పలుకులు వేస్తే పురుగు రాదంటారు.

కొరిటెపాడు · ఉదయం 9:15
అక్కా, ఉప్పు కలిపి ఆడించొచ్చా?

ఆవకాయ జాడీ · ఉదయం 9:21
మరలో వద్దు నాయనా. ఇనుము తినేస్తది, మరాయన కూడా ఒప్పుకోడు. కల్లుప్పు విడిగా ఎండబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకో.

ఫ్లాట్ 302 · ఉదయం 9:50
ఇంత తతంగం ఎవరికి కుదురుతుందండీ? ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి డాబా ఏది, రెండ్రోజుల ఎండ ఎక్కడ? పైగా రాతిమర గారే అంటున్నారు, మర గొంతులో కారం నిలబడుతుందని. నాది లోపల మిగిలితే నా ముందువాడిది నా సంచిలోకి వచ్చినట్టే. వాడు నాసిరకం తాలు కాయ ఆడించి ఉంటే? పసుపు ఆడించి ఉంటే?

రాతిమర · ఉదయం 10:20
ఇందాక ‘నాది పోయింది’ అన్నారు, ఇప్పుడు ‘వాడిది వచ్చింది’ అంటున్నారు. రెండూ నిజమే, అందుకే చివరికి తూకంలో కొంతవరకు సర్దుకుపోతది. మీ సందేహం న్యాయమైందే. పద్ధతి తెలిసిన మరలో పసుపు, ధనియాలు, కారం ఒకే దాంట్లో వెంటవెంటనే వెయ్యరు. మార్చాల్సొస్తే గుప్పెడు నూక బియ్యం తిప్పి బయట పారేస్తారు. మీరు చెయ్యాల్సింది, మొదట దిగే వంద గ్రాములు విడిగా పట్టుకోవడం. అది తాలింపుల్లోకి వాడెయ్యండి. పొడి దిగుతుంటే చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, పిడికిట్లో పట్టలేనంత కాలితే ‘రాళ్లు కొంచెం ఎడం చెయ్యి, కాయ మెల్లగా వదులు’ అని చెప్పండి. ఒకే దెబ్బకి మెత్తగా దించాలని రాళ్లు బిగిస్తేనే రంగు చచ్చిపోయేది. ముందు బరకగా ఒకసారి, తర్వాత మెత్తగా ఇంకోసారి తిప్పాలి. రాళ్ల బదులు ఇనప సుత్తులు కొట్టే హామర్ మర అయితే లోపలి జాలీ మారుస్తారు. ఆవకాయకి సన్నం, కూర కారానికి కొంచెం పెద్ద కన్నం.

ఇక ప్యాకెట్ సంగతి. లేబుల్ మీద ప్రకటించి నూటికి 2 పాళ్ల దాకా వంటనూనె కలపొచ్చని ఆహార భద్రతా నిబంధనల్లోనే ఉంది. తప్పేం కాదు, మెరుపుకోసం, దుమ్ము లేవకుండా కలుపుతారు. కానీ అర కిలో ప్యాకెట్లో అది 10 గ్రాములు. నా 140 గ్రాముల మీద ఇంత రాద్ధాంతం చేసిన మీరు ఆ 10 గ్రాముల మీద మాట్లాడరేం?

ఫ్లాట్ 302 · ఉదయం 10:31
‘నా 140 గ్రాములు’ అన్నారేంటి? మీకు మర ఉందా?

రాతిమర · ఉదయం 10:34
ఉంది. ఆ వీధిలో కాదు, కొత్తపేట వైపు. ఉంటే లెక్క మారిపోయిద్దా?

నగరంపాలెం · ఉదయం 10:36
అనుకున్నా. రాళ్లు ఎడం చెయ్యమన్నప్పుడే అనుకున్నా.

తాలుకాయ · ఉదయం 10:58
ప్యాకెట్ కారం అయినా, విడి కారం అయినా గ్లాసుడు నీళ్లమీద చిటికెడు చల్లి చూడండి. అసలు కారం కొంతసేపు పైన తేలి మెల్లగా దిగిద్ది. ఎర్రటి చారలు గీతల్లా కిందికి జారితే రంగు కలిపినట్టు. అడుగున దిగింది వేళ్ల మధ్య రుద్దితే ఇసకలా గరగరలాడితే ఇటుక పొడి అనుమానం. పెద్ద కంపెనీ ప్యాకెట్ల కన్నా పేరులేని విడి కారంలోనే ఇది ఎక్కువ భయం, 302 గారికి ఆ మాత్రం మార్కులివ్వాలి.

ఫ్లాట్ 302 · ఉదయం 11:15
థాంక్స్. చూశారా, యార్డు మనిషే ఒప్పుకుంటున్నారు.

రాతిమర · ఉదయం 11:40
ఏమొప్పుకున్నారు? విడి కారం కొనొద్దన్నారు. మర మీ కాయని మీ ఎదురుగా ఆడించేది, విడి కారం అమ్మేది కాదు. అసలు మీ బాధ తూకం కాదని నాకు ముందే తెలుసు. ఫ్లాట్లలో దిగేవాళ్లకి ఆవకాయ కావాలి, గొడ్డు కారం కావాలి, అవి తయారయ్యే చోటు మాత్రం కంటికి కనపడకూడదు. మర పెట్టినప్పుడు అక్కడ మీ అపార్ట్‌మెంటు లేదు, పెంకుటిల్లు ఉంది. ముందొచ్చింది ఎవరు? ఖాళీ చెయ్యాల్సింది ఎవరు?

ఫ్లాట్ 302 · ఉదయం 11:52
ముందొచ్చిన వాళ్లకి గాలి కూడా రాసిచ్చారా? సరే, తూకం వదిలెయ్యండి. మా ఇంట్లో ఆరేళ్ల పాపకి ఆస్తమా. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ వైపు రెండు కిటికీలు తియ్యం. ఎండాకాలంలో కిటికీ ముయ్యడమంటే ఏంటో గుంటూరులో ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 అని శబ్ద నిబంధనల్లో ఉంది. మోత ఓర్చుకుంటాం, ఘాటు ఎట్లా ఓర్చుకోవాలి? అడిగితే ‘మాస్కు పెట్టుకోండి’ అన్నారు. తరుగు అడగడానికి వెళ్లిన రోజు కూడా నేను నిజానికి ఇదే అడగబోయాను.

ఆవకాయ జాడీ · మధ్యాహ్నం 12:05
ఇది మొదటి పోస్టులో రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదండీ.

రాతిమర · మధ్యాహ్నం 12:40
పాప సంగతి చెప్పలేదు మీరు. మాస్కు పెట్టుకోమనడం తప్పు, ఎవరన్నా తప్పే.

ఘాటుకి మందు ఉంది. ఘాటు ఊరికే గాల్లోకి రాదు, రెండు చోట్ల నుంచి వచ్చిద్ది. మొదటిది బ్లోయరు చివర కట్టే గుడ్డ సంచి. పలచటి గుడ్డ అయినా, కుట్టు ఊడినా సన్నటి దుమ్ము తన్నుకొస్తది. రెండోది, సంచి దులపకపోతే దాని రంధ్రాలు మూసుకుపోయి గాలి వెనక్కి తంతది, కాయ పోసే డొప్పలోంచి పైకి చిమ్మిద్ది. చాలా మరల్లో జరిగేది ఇదే. దట్టమైన కాన్వాసు సంచులు రెండు పెట్టుకుని ఒకటి దులుపుతూ ఒకటి వాడాలి, దులిపేది షట్టరు లోపలే. దానికి ముందు రేకుతో చేసిన సైక్లోన్ అనే గరాటు పెడితే గాలి సుడి తిరిగి బరువున్న పొడి కిందికి రాలిపోయిద్ది, సంచికి చేరేది కొంచెమే. సంచి దాటిన గాలిని పైపులో పక్క డాబా కన్నా పైకి పంపించాలి. మోతకి మోటారు కింద రబ్బరు ప్యాడ్లు, బెల్టు బిగింపు, బేరింగుకి గ్రీజు. సగం చప్పుడు వదులైన బెల్టు తపతపే.

మరి ఎందుకు పెట్టరంటారా? మాకు పని నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు బియ్యప్పిండి, శనగపిండి, అదీ ఇప్పుడు ప్యాకెట్లే. మోటారు తిరిగినా తిరక్కపోయినా కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ వస్తానే ఉంటది. షెడ్డు అగ్రిమెంటు పదకొండు నెలలు. పన్నెండో నెల ఉంటామో లేదో తెలియని చోట సైక్లోనూ పైపులూ ఎవడు పెడతాడు?

అడ్డరోడ్డు · మధ్యాహ్నం 1:10
ఒక మాట చెప్పాలి. మా మరాయన పోయినేడు పైపు వేస్తానన్నాడు. మూడంతస్తుల పైకి పోవాలంటే అపార్ట్‌మెంటు గోడకి క్లాంపులు కొట్టాలి. అనుమతి అడిగితే గోడ రంగు పాడవుతుందని వద్దన్నారు. అనుమతి అడిగిన ఆ కాగితం మరాయన తరఫున నేనే రాసిచ్చాను.

ఫ్లాట్ 302 · మధ్యాహ్నం 1:14
మా అపార్ట్‌మెంటా? ఎవరు వద్దన్నారు? మీటింగులో ఇది రాలేదు.

అడ్డరోడ్డు · మధ్యాహ్నం 1:16
మీ అసోసియేషన్‌కే ఇచ్చాం. అర్జీ మీద సంతకాలు ఆ తర్వాత రెండు నెలలకి మొదలయ్యాయి.

నగరంపాలెం · మధ్యాహ్నం 1:17
రంగు.

ఫ్లాట్ 302 · మధ్యాహ్నం 1:45
అర్జీ మీద నా సంతకం కూడా ఉంది. పైపు సంగతి తెలిసి పెట్టింది కాదు. కానీ గోడౌను వస్తే మాకేం నష్టం? ఘాటుండదు కదా.

కొరిటెపాడు · మధ్యాహ్నం 1:58
మా సందులో వచ్చింది. ఘాటు లేదు. రాత్రి పన్నెండు దాకా బైకులు, గేటు ముందు పార్కింగు, తెల్లారకముందే సరుకు వ్యాను. మీరే తేల్చుకోండి.

ఫ్లాట్ 302 · మధ్యాహ్నం 2:20
పైపు ఎంత లావుంటుంది?

రాతిమర · మధ్యాహ్నం 2:31
ఆరంగుళాలు సరిపోద్ది. మీ డ్రైనేజీ పైపులు దిగే వైపే వెయ్యమనండి, వీధి నుంచి కనపడదు. మలుపు దగ్గర తొంభై డిగ్రీల ఎల్బో పెట్టనివ్వొద్దు, దుమ్ము అక్కడే పేరుకుని వానాకాలం చెమ్మకి గట్టిపడిద్ది. రెండు వాలు మలుపులు పెట్టించి, కింద దులుపుకోడానికి ఒక మూత ఉంచమనండి. పైన వాన పడకుండా టోపీ. సంచి సరిగ్గా లేకుండా ఒట్టి పైపే వేస్తే మాత్రం మీ ఘాటు మూడో అంతస్తు వాళ్లకి పంపినట్టే, మీరుండేది ఆ అంతస్తే అనుకుంటా.

ఫ్లాట్ 302 · మధ్యాహ్నం 2:40
అదే అంతస్తు. ఆదివారం మీటింగులో పెడతాను. మరాయన అగ్రిమెంటు పొడిగిస్తేనే ఇదంతా. షెడ్డు ఓనరుతో ఎవరు మాట్లాడతారు?

అడ్డరోడ్డు · సాయంత్రం 5:25
పొద్దుటి నుంచి మూడుసార్లు చేశాను, ఫోను ఎత్తట్లేదు. షెడ్డు ముందు ఎవరో టేపుతో కొలతలు తీసుకుంటున్నారు.