కరిఁ దిగుచు: ఇది దిగడమా, లాగడమా?

సీతమ్మధార నుంచి

మా నాన్నగారు గ్రామఫోను ముల్లు రికార్డు మీద పెట్టేటప్పుడల్లా పోతన గజేంద్ర మోక్షంలోని ‘కరి దిగుచు మకరి సరసికి’ పాదం అంటూ మెల్లగా దించేవారు. ముల్లుండే ఆ చేతిని మా ఇంట్లో అందరం తొండం అనేవాళ్లం. తొండం దిగుతోంది కాబట్టి ‘కరి దిగుచు’ అంటున్నారని చిన్నప్పటి నుంచీ నా లెక్క.

ఇప్పుడు ఆయన 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవి, వినడానికి నా గారార్డ్ 301 టర్న్‌టేబుల్‌కి రెండో టోన్ ఆర్మ్ (ముల్లుండే చేయి) పెడుతున్నాను. ఎల్పీలకు 9 అంగుళాల ఆర్మ్ కుడి పక్కన ఉంది. కొత్తది 12 అంగుళాలది, వెనకవైపు వస్తుంది. రెండింటికీ చోటు సరిపడేలా టేకుతో కొత్త పెట్టె చేయించాను. ఆర్మ్ కూర్చునే ఇత్తడి దిమ్మ ఆటోనగర్‌లో లేతు మీద తీయించాను. పెట్టె ముందు భాగంలో నాన్నగారు అనే ఆ పద్యపాదం చెక్కించాలని కోరిక. చెక్క మీద తప్పు పడితే చెరపలేం. ‘కరి’ పక్కన అరసున్న ఉందా? తరవాతి పాదం చివర ‘కరకరి’యా, ‘కరకర’యా? రెండు రోజులుగా ఇదే నలుగుతోంది.

భీమిలి నుంచి

అరసున్న ఉంది మాస్టారూ, తప్పకుండా పెట్టించండి. అది ‘దిగు’ కాదు, ‘తిగుచు’. అంటే లాగడం. కరిన్ + తిగుచు, ద్రుతం (ఆ ‘న్’) మీద ‘త’ను ‘ద’గా మార్చే సరళాదేశం వచ్చి ‘కరిఁ దిగుచు’ అయింది. ఏనుగు దిగడం లేదు, మొసలి దాన్ని మడుగులోకి లాగుతోంది. ఆ అరసున్న తీసేస్తే ఏనుగు తనంతట తానే నీళ్లలోకి దిగినట్టవుతుంది.

మహారాణిపేట నుంచి

సంధి సరే. కానీ ‘లాగుతూ’ అని అర్థం చెప్పుకుంటే మాత్రం పొరపాటు. ధాతువే ‘తిగుచు’ కాబట్టి ‘లాగుతూ’ అనాలంటే ‘తిగుచుచు’ కావాలి. ఇక్కడున్నది తద్ధర్మ క్రియ, అంటే ‘లాగును’ అన్నట్టు. మకరి కరిని సరసికి లాగును, కరి మకరిని దరికి లాగును. రెండు పూర్తి వాక్యాలు, రెండు సమానమైన లాగుళ్లు. ‘లాగుతూ’ అనుకుంటే ఒకటి రెండోదానికి తోక అయిపోతుంది, పోరు బిగి తగ్గిపోతుంది.

భీమిలి నుంచి

మా గురువుగారు ‘లాగుతూ’ అనే చెప్పారు. పద్యం చివర భటులు అదిరిపడ్డారని ఉంది కదా, ఇద్దరూ ఇలా లాక్కుంటూ ఉండగా అన్నట్టు అన్వయం అటే పోతుంది. మీ మాట వ్యాకరణానికి నిలుస్తుంది, నాది చెవికి నిలుస్తుంది.

లాసన్స్ బే కాలనీ నుంచి

వ్యాకరణం పెద్దలకు వదిలేస్తాను. లాగడమే సరైన అర్థమని మాత్రం టర్న్‌టేబుల్ చెబుతోంది. టోన్ ఆర్మ్ తల కొంచెం లోపలికి వంగి ఉంటుంది. రికార్డు తిరుగుతుంటే గాడిలో రాపిడి వల్ల ఆర్మ్ మొత్తం మధ్య కడ్డీ వైపు లాగబడుతుంది. దాన్ని సరిచేయడానికి చిన్న స్ప్రింగో, దారానికి కట్టిన బరువో పెట్టి బయటికి లాగిస్తాం. లోపలికి లాగేది మకరి, బయటి అంచుకు లాగేది కరి. నడుమన ముల్లు. మీ నాన్నగారు ఇది తెలిసే అన్నారేమో అనిపించింది.

రెండో ఆర్మ్ ఎందుకు, తల మారిస్తే పోదా అని ఎవరైనా అడగకముందే చెబుతున్నాను. 78 గాడి వెడల్పు. దానికి సుమారు 3 మిల్ ముల్లు కావాలి, అంటే అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. 1948లో వచ్చిన ఎల్పీ గాడికి 1 మిల్, అంతకన్నా సన్నం కూడా వాడతారు. ఆ సన్న ముల్లు 78లో పెడితే గాడి అడుక్కి జారి, అక్కడి దుమ్ములో కరకరలాడుతుంది. ప్రతిసారీ తల మార్చి, బరువు సరిచేసి, మళ్లీ లోపలి లాగుడు సరిచూసుకోవడం కన్నా ఎవరి చేయి వాళ్లకుంటే మేలు. చెక్కుడు సంగతి తరవాత, ముందు ఆర్మ్ ఇరుసు నుంచి మధ్య కడ్డీకి దూరం మళ్లీ కొలవండి. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా పాట చివర తెలిసిపోతుంది.

గాజువాక నుంచి

కరకరలాడుతుంది అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. రెండో పాదాన్ని నేను ఎప్పుడూ ‘గరి దరికిని మకరిఁ దిగుచు గరకర బెరయన్’ అనే చదివాను. ఛందస్సు కూడా అడ్డురాదు. కందం రెండో పాదంలో నాలుగో గణం, కరకర అన్నా కరకరి అన్నా నాలుగు లఘువులే. యతి ఆ ‘గ’ మీద పడుతుంది, చివరి అక్షరంతో దానికి పని లేదు.

మహారాణిపేట నుంచి

ఛందస్సు ఒప్పుకుంటే పాఠం అయిపోదు. ‘కరకరి’ అంటే పగ, పంతం. పైగా ఆ ‘రి’ పోతే పద్యం ప్రాణమే పోతుంది. కరి, మకరి, కరి, మకరి, కరకరి. రెండు పాదాల్లో అయిదుసార్లు ‘కరి’ వినిపిస్తుంది. మకరి అనే మాటలోనే కరి ఇరుక్కుని ఉంది చూశారా? మొసలి నోట్లో ఏనుగు కాలు చిక్కినట్టు! పోతన ఇది చూడకుండా రాశాడంటే నేను నమ్మను.

గాజువాక నుంచి

మకరిలో కరి ఉన్న సంగతి ఇన్నేళ్లు చదివినా నాకు తట్టలేదు. అయినా చప్పుడు అర్థం పూర్తిగా వదులుకోలేను. ‘బెరయన్’ అంటే కలియగా అని తీసుకుంటే రెండు గొంతులు, రెండు రాపిళ్లు కలిశాయని చెప్పుకోవచ్చు కదా.

పెందుర్తి నుంచి

ఒక మాట మాస్టారూ. ‘కరి’ అంటేనే కరం ఉన్నది. సంస్కృతంలో చేతికీ తొండానికీ ఒకటే మాట. మీ ఇంట్లో పిలిచే పేరు అందుకే అంత బాగుంది. కానీ ఇప్పుడు మీకు రెండు చేతులు కదా! అదే గజేంద్ర మోక్షంలో ‘శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁడే’ ఉంది. చేదోయి అంటే చేతుల జంట, సంధించడమంటే అమర్చడం. మీరు చేస్తున్న పని అదే. వెనక ఆర్మ్ దగ్గర ‘చేదోయి’ అని చెక్కించండి.

భీమిలి నుంచి

అమ్మా, దోయి పుట్టుకతో జంటగా ఉన్నవాటికి అందం. కనుదోయి, చేదోయి. ఈ రెండు ఆర్మ్‌లు ఎప్పుడూ కలిసి పనిచేయవు, ఒకటి పాడితే రెండోది ఊరుకోవాలి. జోడు అంటే కుదురుతుంది.

సీతమ్మధార నుంచి

అందరికీ నమస్కారం. అరసున్న ఖాయం చేశాను, ‘కరిఁ దిగుచు’ అనే చెక్కిస్తాను. నాన్నగారు దించుతూ అన్నారో, లాగుతుందని అన్నారో ఇప్పుడు అడగలేను. దూరం మళ్లీ కొలిచాను. మిల్లీమీటరున్నర తేడా ఉంది, దిమ్మ జరిపించాలి. చేదోయి మాట నాకు చాలా నచ్చింది. కానీ ‘సంధింపఁడే’ అంటే ‘అమర్చడా?’ అని దేవుణ్ని అడిగినట్టు కాదా? మేం చిన్నప్పుడు అలాగే అప్పజెప్పేవాళ్లం.

మహారాణిపేట నుంచి

అడిగినట్టు కాదండీ. ఆ ‘ఏ’ తరవాతి పాదానిది. సంధింపఁడు, ఏ పరివారంబునుఁ జీరఁడు, అంటే అమర్చడు, పరివారంలో ఎవరినీ పిలవడు. మత్తేభం పాదం అక్కడ తెగడం వల్ల అలా వినిపిస్తుంది.

పెందుర్తి నుంచి

పాదం అక్కడే తెగేలా రాసింది పోతనే కదండీ. ఆ ‘డే’ దగ్గర ఆగినప్పుడు వినేవాళ్లకు ప్రశ్నలాగే తగులుతుంది.