49 ఏళ్ల వయసులో డెలివరీ ఉద్యోగం, పీఎఫ్ పింఛను కోసం. చేరొచ్చా?

మారతహళ్ళి_కొట్టు:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర, బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మారతహళ్ళిలో చిల్లర కొట్టు నడుపుతున్నాను. నడుపుతున్నాను అని పేరుకే, పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక పాల ప్యాకెట్‌కు తప్ప మనిషి గడప తొక్కట్లేదు, అద్దె మాత్రం ఏటా పెరుగుతోంది. ఈ ఉగాదికి మూసేద్దామని అనుకున్నాం.

తెలిసిన కుర్రాడు ఒక కొరియర్ కంపెనీ హబ్‌లో డెలివరీ ఉద్యోగం చూపించాడు. థర్డ్ పార్టీ పేరోల్, అయినా పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) రెండూ ఉన్నాయట. గ్రాస్ 19,500, బేసిక్ 14,500, కటింగులు పోగా చేతికి పదిహేడున్నర వేలు. నాకు 49 నిండి నాలుగు నెలలయింది. పీఎఫ్‌లో పదేళ్లుంటే పింఛను వస్తుందని అందరూ అంటారు, 58 దాకా చేస్తే వస్తుందా? ఇంకో సంగతి, 2004 నుంచి 2008 దాకా పీన్యలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేశాను, అప్పుడు పీఎఫ్ కట్ అయ్యేది. అది లెక్కలోకి వస్తుందా?

మా ఆవిడకు షుగరు, మందులకే నెలకు మూడు వేలు దాటుతోంది. ఆమె మాత్రం "ఈ వయసులో మూటలు మోస్తావా" అని ఒకటే గొడవ. పని కష్టమని నాకూ తెలుసు. చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

హొసకోటె_హబ్:

అన్నా, నేను నలభై ఆరులో చేరాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఉన్నదున్నట్టే చెబుతా.

బరువు కాదు చంపేది, మెట్లు. బరువైతే రెండు చేతులతో పట్టుకుంటాం, నాలుగు రోజుల్లో ఒంటికి అలవాటైపోతుంది. బీటీఎం, మడివాళ వైపు పీజీలు (కుర్రాళ్లు అద్దెకుండే హాస్టళ్లు) చూశారుగా, నాలుగంతస్తులు, లిఫ్ట్ ఉండదు, మెట్లు ఒక మనిషి పట్టేంత. కింద నిలబడి ఫోన్ చేస్తే "అంకుల్, పైకి తెచ్చివ్వండి, మీటింగ్‌లో ఉన్నా" అంటారు. ఎక్కేటప్పుడు ఆయాసమే గానీ నొప్పి ఉండదు, దిగేటప్పుడు మోకాలి చిప్ప కింద సూది దిగినట్టుంటుంది. నాకు మొదటి నెలంతా ఇదే. మోకాలికి తొడిగే పట్టీ (నీ క్యాప్) కొనుక్కుంటే కొంత నయం.

అందుకని అసలు అడగాల్సింది జీతం గురించి కాదు, బీట్ గురించి, అంటే మనకు ఏ ఏరియా ఇస్తారన్నది. బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల బీట్ దొరికితే గేటు దగ్గర ఒక్కసారి ఎంట్రీ చేసుకుంటే చాలు, లోపల ఒకే చోట బోలెడు పార్సిళ్లు అయిపోతాయి, లిఫ్ట్ ఉంటుంది. సర్వీస్ లిఫ్ట్‌లోనే పొమ్మంటారు, దాని కోసం నిలబడాలి, అయినా మెట్ల కంటే వెయ్యి రెట్లు మేలు. పీజీ బీట్ ఇస్తే కుర్రాళ్లే ఆర్నెల్లు నిలబడరు. హబ్‌లో కొత్తవాడికి ఎప్పుడూ చెత్త బీటే అంటగడతారు, వయసు చెప్పి ముందే మాట్లాడుకోండి, సిగ్గుపడొద్దు.

బైకు మీద వద్దు, వ్యాన్ అడగండి. బైకైతే వీపు మీద బ్యాగు, ముందు ఒక మూట, సిల్క్ బోర్డు దగ్గర వానలో గంట నిలబడితే నడుము ఇక లేవదు. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు దించే లార్జ్ సెక్షన్ జోలికి అసలు పోవద్దు. ఇంకోటి సీఓడీ, అంటే పార్సిల్ ఇచ్చి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకోవడం. సాయంత్రం క్యాష్ తక్కువొస్తే జీతంలో కోస్తారు. ఇది మాత్రం మీకు కష్టం కాదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి కదా.

పీఎఫ్_గుమస్తా:

నేను ఒక కాంట్రాక్టర్ దగ్గర పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు కట్టే పని చూస్తాను. పైన పని గురించి చెప్పారు కాబట్టి లెక్క నేను చెబుతాను.

మీకు 58 రావడానికి ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు ఉంది. ఈపీఎస్‌లో, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకంలో, ఆరు నెలలు దాటితే ఏడాదిగా లెక్కేస్తారు, తొమ్మిదిన్నరేళ్లుంటే పదిగా తీసుకుంటారు. మీకు అదీ చాలదు. 58 తర్వాత పింఛను ఖాతాలోకి డబ్బు వెళ్లదు. అంటే ఈ ఉద్యోగం ఒక్కదానితో నెలనెలా పింఛను రాదు, ఒకేసారి కొంత తీసుకుని బయటికి రావాల్సిందే.

మీ ఆశంతా ఆ పీన్య సర్వీసు మీదే ఉంది. మానేశాక డబ్బు తీసుకున్నారా? పీఎఫ్ డబ్బు కోసం పెట్టే ఫారం 19 ఒక్కటే పెట్టి తీసుకుని ఉంటే పింఛను సర్వీసు ఇంకా అలాగే ఉంటుంది. పింఛను డబ్బు కోసం పెట్టే ఫారం 10సీ కూడా పెట్టి ఆ డబ్బు తీసుకుని ఉంటే ఆ నాలుగేళ్లు పోయినట్టే. 10సీలోనే డబ్బుకు బదులు సర్వీసును నిలుపుకునే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకునే వీలు కూడా ఉంటుంది, కానీ అప్పట్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదు, క్లర్కు రెండు కాగితాలూ ముందు పెట్టి సంతకం పెట్టించుకునేవాడు.

సర్వీసు మిగిలే ఉంటే పదేళ్లు దాటతాయి. అయినా ఎంతొస్తుందనుకుంటున్నారు? జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి, లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 15,000. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500 పరిమితి. అంతా కలిపి నెలకు రెండు వేలు అటూ ఇటూ. దాని కోసం మోకాళ్లు అరగదీసుకోమని నేనైతే చెప్పను.

పింఛను పక్కన పెట్టి మిగతావి చూడండి. మీ 12 శాతం 1,740, కంపెనీ వాటాలో పింఛను ఖాతాకు పోయేది పోగా పీఎఫ్‌లోకి వచ్చేది సుమారు 532. 2024-25లో ఇచ్చిన 8.25 శాతం వడ్డీ ఇలాగే సాగితే 58 నాటికి మూడున్నర లక్షలకు దగ్గరగా చేతికొస్తుంది. ఈఎస్‌ఐ మీ జీతంలోంచి 0.75 శాతం, నెలకు నూటయాభై కూడా కాదు. మీ ఆవిడ వైద్యం, మందులు అందులోకి వస్తాయి. గ్రాస్ 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుంది, ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు అది చూసుకోవాలి. ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైర్ అయితే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలు వైద్యం పొందొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. మీకు షుగరు మందుల ఖర్చు ఉంది కాబట్టి నా లెక్కలో పింఛను కంటే ఇదే పెద్దది.

చెప్పకూడని మాటే గానీ చెబుతాను. ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏదైనా అయితే ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది.

యాప్_రైడర్_కేఆర్‌పురం:

అన్ని కటింగులు, అంత టెన్షన్ ఎందుకు సార్? యాప్‌లో చేరితే మన ఇష్టం వచ్చినప్పుడు లాగిన్, సాయంత్రం పీక్‌లో ఇన్సెంటివ్. ఇప్పుడు కర్ణాటకలో 2025లో గిగ్ వర్కర్ల (యాప్‌ల కోసం పనిచేసే మనలాంటివాళ్ల) చట్టం కూడా వచ్చింది, పని చేసిన ప్రతిసారీ మనకిచ్చే డబ్బు మీద కంపెనీ 1 నుంచి 5 శాతం వెల్ఫేర్ ఫీజు కట్టాలి.

పీఎఫ్_గుమస్తా:

తమ్ముడూ, అది సంక్షేమ నిధి, మంచిదే. కానీ నీ పేరు మీద పీఎఫ్ ఖాతా తెరిచి నెలనెలా వేసేది కాదు. ఆయన అడిగింది పీఎఫ్, పింఛను గురించి. ఇన్సెంటివ్ కోసం రాత్రి పదకొండింటికి వానలో బండి తోలడం నీ వయసులో సరే.

కోలారు_అక్క:

మా ఆయన ఇలాగే యాభైలో చేరారు, అందుకని చెబుతున్నా. మీ ఆవిడ మాట తీసిపారేయకండి. చేరే ముందు బీపీ, షుగరు, మోకాలి ఎక్స్‌రే చూపించుకోండి. మా ఆయన నీళ్లు తాగడం మానేశారు, దారిలో బాత్రూం దొరకదని. రెండో ఎండాకాలానికి కిడ్నీలో రాయి తేలింది. బంకుల్లో, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ దగ్గర అడిగితే వద్దనరు, మొహమాటపడకండి. ఇంకొకటి, ఆయన కాంట్రాక్టరు స్లిప్పులో పీఎఫ్ కోసేవాడు, ఖాతాలో మాత్రం నాలుగు నెలలు పైసా పడలేదు. అడిగితే రేపు మాపు. ప్రతి నెలా పాస్‌బుక్ మీరే చూసుకోవాలి, ఉమాంగ్ యాప్‌లో కనిపిస్తుంది.

మారతహళ్ళి_కొట్టు:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. పాత ట్రంకు పెట్టెలో వెతికితే ఫ్యాక్టరీ జీతం స్లిప్పు దొరికింది, దాని మీద పీఎఫ్ నంబర్ ఉంది. డబ్బు తీసుకున్న మాట నిజం, ఎన్ని ఫారాల మీద సంతకం పెట్టానో మాత్రం గుర్తు లేదు. అప్పటికి యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) కూడా లేదు కదా, ఎక్కడ కనుక్కోవాలి? హబ్ వాళ్లను అడిగితే వ్యాన్ ఖాళీ లేదు, మూడు నెలలు బైకు మీద చేయమంటున్నారు. మా ఆవిడ ఈఎస్‌ఐ మాట విన్నాక కొంచెం మెత్తబడింది, బైకు మాట ఇంకా చెప్పలేదు.

పీఎఫ్_గుమస్తా:

ఆ స్లిప్పు పోగొట్టుకోకండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకు వెళ్లండి. ప్రతి నెలా 27న నిధి ఆప్కే నికట్ అని జిల్లాల్లో క్యాంపు పెడతారు, అక్కడైనా చూస్తారు. 10సీ సెటిల్ అయిందా లేదా అని ఆ ఒక్క ప్రశ్నే అడగండి, మిగతా కథ చెబితే ఇంకో కౌంటరుకు పంపుతారు. సర్వీసు ఉందని తేలితే కొత్త కంపెనీలో చేరేటప్పుడు నింపే పీఎఫ్ ఫారం 11లో పాత మెంబర్ అని రాయండి. ఫ్రెషర్ అని టిక్ పెడితే తర్వాత కలపడానికి నా లాంటివాళ్ల చుట్టూ తిరగాలి.

హొసకోటె_హబ్:

మూడు నెలల మాట నోటితో కాకుండా మెయిల్‌లో పెట్టించుకోండి అన్నా. లేకపోతే హబ్‌లోనే సార్టింగ్, స్కానింగ్ షిఫ్ట్ ఉందేమో అడగండి, అదే పేరోల్, అదే పీఎఫ్. తెల్లవారుజామునే లేవాలి, మీకెలాగూ పాల బండి వచ్చే టైముకు లేవడం అలవాటేగా.