తడిసినా వెలిగే అగ్గిపుల్లలు ఆపదలో నిజంగా పనికొస్తాయా?

వానదారి:
వచ్చే వానాకాలంలో కొండల్లో క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. గుంపులో సగం మంది ఇంతవరకూ బయట మంట వేసినవాళ్లు కాదు. తడిసినా వెలుగుతాయని చెప్పే వాటర్‌ప్రూఫ్ అగ్గిపుల్లలు అందరికీ తలా ఒక పెట్టె కొనిద్దామని నా ఆలోచన. స్టవ్ వెలిగించడానికి లైటర్ ఉంది, దాని గురించి కాదు. ఎవరైనా దారి తప్పినా, బట్టలు పూర్తిగా తడిసి వణుకు మొదలైనా, ప్రాణం నిలుపుకోవడానికి వేసుకునే మంట గురించి అడుగుతున్నాను. వాడినవాళ్లు చెప్పండి.

గట్టుమీద:
రెండు లైటర్లు. ఒకటి జేబులో, ఒకటి బ్యాగులో. ఇంకేం అక్కర్లేదు.

చెకుముకి:
వానదారి గారూ, అగ్గిపుల్లల మీద డబ్బు పెట్టకండి. ఫెర్రో రాడ్ కొనండి. ఇనుము, సీరియం, లాంథనం లాంటి లోహాలు కలిపి చేసిన కడ్డీ అది. 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్ దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఇన్నేళ్లయినా దానికి సాటి వచ్చింది లేదు. నీళ్లలో పడిందా, తీసి తుడిచి ఇనుప రేకుతో గీకండి. సుమారు 3,000 డిగ్రీల వేడితో రవ్వలు రాలతాయి. ఒక లావుపాటి కడ్డీ వేల సార్లు పనిచేస్తుంది. పెట్టెలో పుల్లలు ఎన్నుంటాయి? అయిపోయాక ఏం చేస్తారు?

లైటర్ అన్నవారికి కూడా ఒక మాట. అందులో ఉండే బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చలి అంతకన్నా ముదిరితే అది ద్రవంగానే ఉండిపోతుంది, గ్యాస్ బయటికి రాదు. చక్రం తడిస్తే రవ్వ రాదు. మంట వేయడం నేర్చుకోకుండా వస్తువులు కొనుక్కుంటే ధైర్యం వస్తుందేమో గానీ మంట రాదు.

గట్టుమీద:
అందుకే జేబులో అన్నాను. ఒంటి వేడికి లైటర్ చల్లబడదు.

రెండోపెట్టె:
చెకుముకి గారూ, వానదారి గారు అడిగింది ఎప్పుడూ మంట వేయనివాళ్ల గురించి. ముందు అది చూడండి.

కొనేటప్పుడు తేడా తెలియాలి. వాటర్‌ప్రూఫ్ పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మామూలు పుల్లే, తల మీద తడి ఆపే పూత మాత్రం ఉంటుంది. చిన్న తడిని తట్టుకుంటుంది గానీ గాలి వీస్తే మామూలు పుల్లలాగే ఆరిపోతుంది. రెండోది స్టార్మ్ మ్యాచ్. లావుగా, పొడుగ్గా ఉంటుంది. మందు తల దగ్గర ఆగదు, దాదాపు సగం పుల్ల దాకా పూసి ఉంటుంది. ఆ మందులోనే ఆక్సిజన్ ఇచ్చే రసాయనం ఉంటుంది కాబట్టి గాలివానలో కూడా మండుతుంది. వెలిగాక నీళ్లలో ముంచి తీస్తే మళ్లీ అంటుకుంటుంది. మందు దాదాపు 15 సెకన్లు మండుతుంది. మిగిలిన కర్ర ఆ తర్వాత మామూలుగా కాలుతుంది.

ఆ 15 సెకన్లకే నేను డబ్బు పెడతాను. ఫెర్రో రవ్వ ఎంత వేడిగా ఉన్నా కనురెప్పపాటులో చల్లారిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి దూదిలాంటి మెత్తటి, పొడి సరుకు ముందే సిద్ధంగా ఉండాలి. చెమ్మ పట్టిన చితుకుల మీద రవ్వలు ఎన్ని రాల్చినా పొగ కూడా రాదు. పుల్ల మంట అయితే ఆ చెమ్మను కొంత ఆర్చి మరీ అంటిస్తుంది. పైగా చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కడ్డీ ఒక చేత్తో, రేకు ఇంకో చేత్తో పట్టుకుని బలంగా లాగాలి. అది అలవాటు లేనివాళ్ల వల్ల కాదు. పుల్ల గీయడం అందరికీ వచ్చు.

లోపం ఒకటుంది. పుల్లలు తడిని తట్టుకున్నా వాటిని గీసే పట్టీ తట్టుకోదు. దాన్ని విడిగా కాపాడుకోవాలి.

చెకుముకి:
చివరి రెండు వాక్యాలు అందరూ మళ్లీ చదవండి. పట్టీ తడిస్తే పెట్టెలో పుల్లలన్నీ వృథా. పుల్ల ఎంత గట్టిదైనా పట్టీ లేకపోతే అది చెవి లేని తాళం. దీన్ని వాటర్‌ప్రూఫ్ అని అమ్మడం ఏం న్యాయం?

నేను అనుభవంతో చెబుతున్నాను. ఒక దుకాణంలో ఇలాంటి పెట్టే కొన్నాను. అట్టపెట్టె, పైన పెద్ద అక్షరాలతో తడిసినా వెలుగుతాయని రాసి ఉంది. బ్యాగులోకి నీళ్లు చేరాయి. పుల్లలకు ఏమీ కాలేదు. పట్టీ మాత్రం గీసిన మొదటిసారే ముద్దలా ఊడి పుల్లకు అంటుకుంది. రాత్రంతా తడి బట్టల్లో కూర్చున్నాం. పట్టీని కాపాడుకోవాలని అమ్మినవాడు ఒక్క మాట చెప్పలేదు, పెట్టె మీద కూడా రాయలేదు.

ల్యాబ్‌కోటు:
అలా ఎందుకు అవుతుందో చెబుతాను. సేఫ్టీ అగ్గిపుల్ల తలలో ఆక్సిజన్ ఇచ్చే పొటాషియం క్లోరేట్ ఉంటుంది. ఎర్ర భాస్వరం మాత్రం పెట్టె పక్కన పట్టీలో ఉంటుంది. 1844లో స్వీడన్‌లో గుస్టాఫ్ ఎరిక్ పాష్ ఈ రెంటినీ విడదీసి పేటెంట్ తీసుకున్నారు. పుల్ల తనంతట తాను అంటుకోకుండా ఉండేది అందుకే. పట్టీలో భాస్వరాన్ని, గాజుపొడిని పట్టి ఉంచేది జిగురు. జిగురు మెత్తబడితే రాపిడి ఉండదు, పూత లేచిపోతుంది. పుల్ల తలకు పూత వేసినట్టు పట్టీకి మందంగా వేయలేరు, వేస్తే భాస్వరం కప్పుకుపోతుంది, రాపిడి తగ్గుతుంది.

ఎక్కడైనా గీసి వెలిగించే పుల్లలు వేరు. వాటి తలలోనే ఫాస్ఫరస్ సెస్క్విసల్ఫైడ్ అనే భాస్వరం, గంధకం కలిసిన మందు ఉంటుంది, ప్రత్యేక పట్టీ అక్కర్లేదు. అయినా గరుకుగా, పొడిగా ఉన్న రాయి కావాలి. వానలో అది ఎక్కడ దొరుకుతుంది? ఒకదానికొకటి రాసుకుని అంటుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ బ్యాగులోనూ వాటిని తీసుకెళ్లనివ్వరు.

మైనపువత్తి:
ఇంట్లోనే చేసుకోవచ్చు కదా? మామూలు పుల్లల తలలు కరిగిన పారఫిన్ మైనంలో ముంచి ఆరబెట్టండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. గోళ్ల రంగు పూసినా తడి ఆగుతుంది.

రెండోపెట్టె:
మైనం పూస్తే గీసే ముందు గోటితో గీకి తీయాలి, లేకపోతే పట్టీకి అంటుకుని దాన్నీ పాడుచేస్తుంది. గోళ్ల రంగు నయం. కానీ ఏం పూసినా లోపల ఉన్నది మామూలు పుల్లే, గాలికి నిలవదు.

చెకుముకి గారి పట్టీ గొడవకు జవాబు. అట్టపెట్టె కొనకండి. రబ్బరు వాచర్ ఉన్న మర మూత డబ్బా తీసుకోండి. పట్టీ ముక్కలు అదనంగా కత్తిరించి, పుల్లల తలలకు తగలకుండా చిన్న జిప్ కవర్లో వేసి అదే డబ్బాలో పెట్టండి. ఇంకో ముక్క ఒంటి మీద వేరే చోట ఉంచండి. డబ్బాలో దూదికి పెట్రోలియం జెల్లీ బాగా పట్టించిన ఉండ ఒకటి పెట్టుకుంటే, అది వెలిగాక కొన్ని నిమిషాలు మండుతుంది. ఎండు కర్ర పైన తడిసినా చీలిస్తే లోపల చాలావరకు పొడిగా ఉంటుంది. అది చీల్చుకునే వ్యవధి ఆ ఉండ ఇస్తుంది. ఇంత చేస్తే పట్టీ సమస్యే కాదు.

చెకుముకి:
మర మూత డబ్బా, జిప్ కవర్, అదనపు పట్టీ, దూది ఉండ. ఇన్ని కలిస్తే గానీ నిలబడని వస్తువును నమ్మకమైనది అంటున్నారు. నా కడ్డీకి ఇవేవీ వద్దు.

రెండోపెట్టె:
దూది ఉండ మీ కడ్డీకే ఎక్కువ కావాలి! అది లేకుండా వానలో మంట వేసి చూపించండి. మీకు పొడి సరుకు వెతకడం వచ్చు కాబట్టి కడ్డీ పనిచేస్తోంది. ఆ నేర్పును కడ్డీ గొప్పతనంగా చెప్పకండి. భయంతో వణుకుతున్న మనిషికి ఆ నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

చెకుముకి:
నేర్పు లేని మనిషి నిప్పు పట్టుకోకూడదు. నా గుంపుతో వచ్చే కొత్తవాళ్ల దగ్గర లైటర్లు, అగ్గిపెట్టెలు బయల్దేరే ముందే తీసేసుకుంటాను. నిప్పు ఒక్కరి చేతిలో ఉండాలి, ఆ ఒక్కరికీ పని రావాలి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

రెండోపెట్టె:
ఆహా, ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ పట్టీ, పట్టీ అన్నారు. మీలాంటి లీడరే ఒకాయన మా దగ్గర కూడా అన్నీ తీసేసుకున్నాడు. మంచు దిగింది, దారి చీలిన చోట మేం వెనకబడ్డాం. ఆయన దగ్గర కడ్డీ ఉంది, లైటర్ ఉంది, నేర్పు ఉంది. ఆయన మాత్రం మా దగ్గర లేడు. మాలో ఒకమ్మాయికి వణుకు ఎక్కువై, తర్వాత వణుకు ఆగిపోయి మాట తడబడటం మొదలైంది. వణుకు ఆగడం మంచి గుర్తు కాదు, ఒంటి వేడి బాగా పడిపోతోందని అర్థం. మా చుట్టూ పడిపోయిన ఎండు చెట్లున్నాయి. ఒక్క పుల్ల లేదు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి మా ఒంటి వేడితో తెల్లారేదాకా కాపాడుకున్నాం. తర్వాత ఆ లీడర్ మమ్మల్నే తిట్టాడు, ఎందుకు వెనకబడ్డారని.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నా డబ్బా ఇవ్వను. మీరు కూడా ఎవరి దగ్గరా తీసుకోకండి, దయచేసి.

ఒంటినడక:
మీ ఇద్దరి గొడవ పట్టీ గురించి కాదన్నమాట. నిప్పు ఎవరి దగ్గర ఉండాలన్నదే.

చెకుముకి:
అవును, అదే. ఎందుకు తీసుకుంటానో కూడా వినండి. మా గుంపులో ఒకబ్బాయి ఎండాకాలంలో సరదాకి స్టార్మ్ మ్యాచ్ వెలిగించాడు. ఊదితే ఆరలేదు, కంగారుపడి కింద పడేశాడు. మీరు ఇందాక గొప్పగా చెప్పిన ఆ 15 సెకన్లు ఎండుగడ్డిలో ఏం చేస్తాయో నేను చూశాను. కాళ్లతో తొక్కితే గడ్డి కింద ఇంకా మండుతూనే ఉంది. అందరం నీళ్ల సీసాలు కుమ్మరించి, తడి దుప్పట్లు వేసి ఆపాం. గాలి ఇంకొంచెం ఉంటే కొండ మొత్తం అంటుకునేది, మాకు దిగే దారి కూడా ఉండేది కాదు. గుంపును నడిపేవాడికి ఆ భయం ఎలా ఉంటుందో వెనక నడిచేవాళ్లకు తెలియదు.

ఫెర్రో రాడ్ తెలియనివాళ్ల చేతిలో తొందరగా వెలగదు. మీకది లోపం. నాకు అదే భద్రత.

రెండోపెట్టె:
తెలియనివాళ్లకు వెలగకపోవడం భద్రత అంటున్నారు. ఆ రాత్రి మాకు తెలియదు, వెలిగించుకునే హక్కు కూడా లేదా? కాల్చేస్తారని భయముంటే నేర్పండి. బయల్దేరే ముందు తడి నేల మీద ఒక్కొక్కరితో ఒక పుల్ల వెలిగించి చూపించండి. ఊదితే ఆరదని, కాలిపోయేదాకా పట్టుకోవడానికి కర్ర చివర చోటుందని, అయ్యాక మట్టిలో గుచ్చి నీళ్లు పోయాలని, టెంటులో ఎట్టి పరిస్థితిలోనూ గీయకూడదని చెప్పండి. అర గంట పని.

ల్యాబ్‌కోటు:
గీసేటప్పుడు వంటికి దూరంగా గీయమని కూడా చెప్పండి. ఆ మందు నుంచి నిప్పు తునకలు ఎగురుతాయి. సింథటిక్ జాకెట్లకు చిల్లులు పడతాయి.

చెకుముకి:
అర గంటలో చెప్పింది అర్ధరాత్రి భయంలో గుర్తుంటుందని మీ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఎండాకాలం నా గుంపులో ఇవ్వను, ఎవరేమన్నా సరే.

గట్టుమీద:
లైటర్ అయితే వేలు తీయగానే ఆరిపోతుంది. మీ ఇద్దరి సమస్యా తీరుతుంది. ఇందాకే చెప్పాను.

రెండోపెట్టె:
వేళ్లు కదలనప్పుడు ఆ చక్రం తిప్పి, మీట నొక్కి పట్టుకోవడం ప్రయత్నించండి, అప్పుడు మాట్లాడదాం.

వానదారి:
మేం వెళ్లేది వానలో కాబట్టి గడ్డి అంటుకునే భయం తక్కువ, మనిషి తడిసి చల్లబడే భయం ఎక్కువ. అందుకని అందరికీ స్టార్మ్ మ్యాచ్ డబ్బాలు ఇస్తున్నాను, ఈలతో పాటు. డబ్బా బ్యాగులో కాదు, మెడలో తాడుకు. బ్యాగు పోయినా ఉండాలి కదా. లైటర్ నేను జేబులో పెట్టుకుంటాను, ఫెర్రో రాడ్ ఒకటి గుంపు సామానులో ఉంటుంది. బయల్దేరే రోజు ఉదయం అందరితో తలా ఒక పుల్ల గీయిస్తాను. చెకుముకి గారూ, ఆ పని మీరైతే ఏ క్రమంలో నేర్పిస్తారు?

చెకుముకి:
పుల్ల చివర్న. ముందు నేల గీకి చుట్టూ ఖాళీ చేయించండి. తర్వాత కర్ర చీల్పించి, సన్నవి, లావువి వేరుగా పేర్పించండి. అది చేయలేనివాళ్లకు పుల్ల ఇవ్వకండి.

రెండోపెట్టె:
చేయలేనివాళ్లకు ఇంకోసారి చూపించి, పుల్ల ఇవ్వండి. పట్టీ ముక్క రెండోది మర్చిపోకండి.