తిరుపతి–కాట్పాడి రెండో లైను: పట్టాలు సరే, మనుషులేరీ?

చిత్తూరు ప్యాసింజర్:
అన్నలకు నమస్కారం. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు (రెండో లైను వేసేదానికి) 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ 1,332 కోట్లకు ఒప్పుకునింది కదా. ఇంకోపక్క కవచ్ (బండికి తనంతట తానే బ్రేకు వేసే రక్షణ వ్యవస్థ), ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ (దారి మళ్లించే పాయింట్లకూ సిగ్నళ్లకూ పొంతన తప్పకుండా కంప్యూటరుతో చూసేది), ట్యాంపింగ్ మిషన్లు (స్లీపర్ల కింద కంకర కుక్కేవి) అంటా ఉండారు. ఇన్ని వస్తా ఉంటే పట్టాలు చూసుకునే గ్యాంగుల్లో, ఇంజన్ల మీద ఖాళీలని ఎందుకీ గోల? రెండో లైను పడితే పాకాలలో ఎదురు బండి కోసం క్రాసింగ్ పడిగాపులు తప్పేది ఖాయమేనా? లెక్క తెలిసినోళ్లు చెప్పండి.

లైన్ క్లియర్:
సింగిల్ లైను మీద రోజుకు ఎన్ని బండ్లు నడపొచ్చో లెక్కేసే స్కాట్ ఫార్ములా అని ఒకటి ఉంది. రోజుకు 1,440 నిమిషాలు. అన్నిటికన్నా ఎక్కువ టైము తినే బ్లాక్ సెక్షన్‌లో (రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక బండే ఉండే భాగం) గూడ్స్‌కు 13 నిమిషాలు, స్టేషన్లు లైన్ క్లియర్ (బండి పంపే అనుమతి) ఇచ్చిపుచ్చుకోవడానికి 5 పడతాయనుకోండి. 1,440ని 18తో భాగిస్తే 80. దాన్ని 0.7తో గుణిస్తే 56. అంటే అటూ ఇటూ కలిపి 56 బండ్లే, గూడ్సులతో సహా. బ్లాకులు (పనుల కోసం బండ్లు ఆపే సమయం), ఫెయిల్యూర్లు, బండ్లన్నీ ఒకేసారి వచ్చిపడడం, వీటికే ఆ 30 శాతం పోతుంది.

రెండో లైనుతో ఎదురు బండి కోసం ఆగడం పోతుంది. వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడం మాత్రం పోదు. ఇంకో చిక్కు తిరుపతిలోనే ఉంది. పిట్ లైన్ (బోగీల కింద చూసేందుకు గుంత ఉన్న లైను) మీద ఒక రేకు, అంటే బండి బోగీలన్నిటి, ప్రైమరీ మెయింటెనెన్స్‌కు 6 గంటలు పడుతుంది. పిట్ లైన్లు, ప్లాట్‌ఫారాలు పెరక్కుండా బండ్లే పెరిగితే, పాకాలలో తప్పిన నిలుపుడు తిరుపతి హోమ్ సిగ్నల్ (స్టేషన్లోకి రానిచ్చే సిగ్నల్) బయట ఎదురవుతుంది.

కీమ్యాన్ సుత్తి:
మిషన్ వస్తే మనిషి అక్కర్లేదనే మాట దగ్గరే అంతా తప్పుతా ఉంది. కిలోమీటరుకు 1,660 స్లీపర్లు, స్లీపరుకు పట్టాను పట్టి ఉంచే క్లిప్పులు 4. అంటే 6,640. 104 కిలోమీటర్ల కొత్త లైనుకు, యార్డులు వదిలేసి, 6,90,560 క్లిప్పులు. క్లిప్పు మధ్యకాలు ఇన్సర్టు (స్లీపరులో దిగేసిన ఇనుప ముక్క) అంచుతో సమంగా నిలిచేదాకానే కొట్టాలి. ఎక్కువ కొట్టినా తప్పే. కింద రబ్బరు ప్యాడ్ నలిగినా, క్లిప్పుకూ పట్టాకూ మధ్య ఉండే లైనరు విరిగినా బిగువు పోయి క్లిప్పు వెనక్కి జారుతుంది. తుప్పు పట్టి ఇన్సర్టులో ఇరుక్కుంటే సుత్తికి కూడా రాదు, అందుకే గ్రాఫైట్ గ్రీజు. ఇవి రోజూ పట్టాల వెంట తన బీటు నడిచి చూసే కీమ్యాన్ కంటికి తప్ప ట్యాంపింగ్ మిషనుకు కనపడవు.

ఆ మిషనుకు ముందే కంకర పోయాలి, ఊడిన క్లిప్పులు బిగించాలి, లెవెల్ క్రాసింగ్ గేట్లలో చెక్ రైల్సు (పట్టా పక్కన బిగించే అదనపు పట్టాలు) విప్పాలి, సిగ్నల్ వాళ్లొచ్చి అడ్డమొచ్చే తమ సామాను తీయాలి. అయ్యాక ఇవన్నీ మళ్లీ యథాస్థానానికి రావాలి. 2 గంటల బ్లాకు ఇచ్చారంటే స్టేషను నుంచి పోయి రావడానికే కొంత పోతుంది. గ్యాంగులో మనిషి తక్కువైతే మిషన్ నిలబడి ఉంటుంది, బ్లాకు కరిగిపోతుంది. డబ్బు పెట్టి కొన్న మిషనుకు ఇంతకన్నా దండగ లేదు.

పాయింట్ మోటారు:
ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో రిలేలు తగ్గుతాయి, టెస్టింగ్ తగ్గదు. పాయింట్ దగ్గర కదిలే పట్టా టంగ్ రైలుకూ, కదలని పట్టా స్టాక్ రైలుకూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెడితే పాయింట్ లాక్ కాకూడదు, సిగ్నల్ రాకూడదు. అది ఫీల్డుకు పోయి చూడాల్సిందే. డబ్లింగ్‌లో ప్రతి యార్డూ మారుతుంది, ప్రతి వైరూ మళ్లీ సరిచూడాలి. 2023 జూన్ 2న బాలాసోర్‌లో రైలు ప్రమాదం జరిగింది కొత్త మిషన్ చెడిపోయి కాదు. సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన తప్పు అది. చేతులు తక్కువై పని ఎక్కువైన చోట మొదట కోసేది టెస్టింగ్ టైమునే, అదే భయం.

చిత్తూరు ప్యాసింజర్:
మరి కవచ్ వస్తే ఇంజన్లో అసిస్టెంట్ డ్రైవరు అక్కర్లేదు కదన్నా?

లైన్ క్లియర్:
కవచ్ అంటే పట్టాల మధ్య ట్యాగులు, స్టేషను టవరు రేడియో, ఇంజన్లో కంప్యూటరు. సిగ్నల్ దాటబోతే, స్పీడు మించితే బ్రేకు వేస్తుంది. పట్టా విరిగింది, గొడ్డు అడ్డమొచ్చింది అంటే దానికి తెలీదు, అది చూసేది మనిషి కన్నే.

ఖాళీల సంగతికొస్తే, 2024 ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) నోటిఫికేషన్ 5,696 పోస్టులతో మొదలై 18,799కి పెరిగింది. రెండు పరీక్షలు, ఆపైన ఆప్టిట్యూడ్‌లో ప్రతి భాగంలోనూ 42 టీ-స్కోరు (అందరి మార్కులతో పోల్చి వేసే స్కోరు), అద్దాలు లేకుండా 6/6 చూపు, తర్వాత ట్రైనింగ్. అప్పుడొచ్చేది అసిస్టెంటే. షంటింగ్, గూడ్స్ దాటి ప్యాసింజర్ బండి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

డ్యూటీ మామూలుగా బండి కదిలినప్పటి నుంచి 9 గంటలు, డ్యూటీ ఎక్కే సైన్ ఆన్ నుంచి దిగే సైన్ ఆఫ్ దాకా 11. సింగిల్ లైనులో గూడ్స్ స్టేషన్లో పక్క లైను, అంటే లూపులో పడుండే గంటలన్నీ ఇందులోంచే పోతాయి. కాబట్టి మనుషుల కరువులో కొంత ఈ లైను తెచ్చిపెట్టిందే. డబ్లింగ్ అయితే అదే సిబ్బందితో ఇంకాస్త దూరం నడపొచ్చు.

పాయింట్ మోటారు:
ఒక్కటి గుర్తు పెట్టుకోబ్బా. పనులు మొదలైనాక ఒక్కో స్టేషన్లో నాన్ ఇంటర్‌లాకింగ్ రోజులు (ఇంటర్‌లాకింగ్ ఆపి చేత్తో బండ్లు నడిపే రోజులు) వస్తాయి. పాయింట్లకు క్లాంపు, తాళం వేసి, బండిని గంటకు 15 కిలోమీటర్ల స్పీడు మీద పంపుతారు. ఆ రోజుల్లో కాట్పాడిలో కనెక్షన్ బండికి అరగంట తేడాతో టికెట్ తీయొద్దు.