అమెరికా అధ్యక్షుని భార్యకు కార్యాలయం, సిబ్బంది ఏ చట్టం ప్రకారం?

రాయగడ మాస్టారు:
మా మనుమరాలు బడిలో అమెరికా ప్రథమ మహిళల గురించి ప్రసంగించవలసి ఉన్నది. చదువంతా ఒడియాలోనే అయినా, ముందు ఇంట్లో తెలుగులో చెప్పి చూసుకుంటేగాని దానికి ధైర్యం రాదు. మార్తా వాషింగ్టన్ మొదలు పేర్లన్నీ వల్లించి, చివరకు నన్నే అడిగింది: "తాతయ్యా, ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, ప్రమాణం చేయించలేదు, జీతమూ లేదు. మరి ఆఫీసు, మనుషులు ఎలా వచ్చారు?" ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, నోరు మెదపలేకపోయాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

బరంపురం చరిత్ర అధ్యాపకురాలు:
మాస్టారూ, నమస్కారం. అమెరికా రాజ్యాంగంలో ఆమె ప్రస్తావనే లేదు. మొదట్లో అది అతిథులను ఆదరించే ఇల్లాలి పని. దానికి భార్యే కావాలన్న నియమమూ లేదు. పెళ్లి చేసుకోని జేమ్స్ బుకానన్ అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, అంటే 1857 నుంచి 1861 వరకు, ఆయన మేనకోడలు హారియెట్ లేన్ ఆ బాధ్యతను నిర్వహించింది. మార్తా వాషింగ్టన్ అయితే 1789లోనే బంధువుకు రాసిన ఉత్తరంలో తనది ఖైదీ బతుకులా ఉన్నదని వాపోయింది. 1800లో ఇంకా పూర్తికాని అధ్యక్ష భవనానికి చేరిన అబిగైల్ ఆడమ్స్, నేడు విందులు జరిగే పెద్ద హాలులో బట్టలు ఆరవేయించింది. (పాపను ఈ ముచ్చట వదలవద్దనండి, పిల్లలు చెవులు రిక్కించి వింటారు.)

అసలైన మార్పు ఎలియనార్ రూజ్‌వెల్ట్‌తో, 1933లో వచ్చింది. పోలియోతో కాళ్లు చచ్చుబడిన భర్త వెళ్లలేని చోట్లకు, బొగ్గుగని లోపలికి సైతం, తాను వెళ్లి చూసినది ఆయనకు చెప్పేది. ఆమె పత్రికా సమావేశాలకు స్త్రీ విలేకరులకు మాత్రమే ప్రవేశం ఉండడంతో, ఆ వార్తలు కావాలనుకున్న పత్రికలు స్త్రీలను ఉద్యోగంలో ఉంచుకోవలసి వచ్చింది. ఆ పదవికి గౌరవం తెచ్చినది ఆమె శ్రమేగాని ఏ చట్టమూ కాదు.

పర్లాకిమిడి న్యాయవాది:
మేడమ్ చెప్పినది నిజమే గాని, మాస్టారి ప్రశ్న డబ్బు గురించి. దానికి 1978 నాటి చట్టమొకటి ఉన్నది. అధ్యక్షుని విధుల్లో ఆయనకు తోడ్పడుతున్నంత మేరకు జీవిత భాగస్వామికి సిబ్బందిని, సేవలను ఇవ్వవచ్చునని అది అంటుంది. భాగస్వామి లేకపోతే అధ్యక్షుడు సూచించిన కుటుంబ సభ్యునికి ఇవ్వవచ్చు. హారియెట్ లేన్ వంటివారికి 120 ఏళ్ల తర్వాత చోటు దొరికిందన్నమాట.

1993లో హిల్లరీ క్లింటన్ ఆరోగ్య సంస్కరణల బృందానికి అధ్యక్షత వహించినప్పుడు, ఆమె ప్రభుత్వోద్యోగి కాదు గనుక సమావేశాలు బహిరంగంగా జరగాలని వైద్యుల సంఘమొకటి కోర్టుకు వెళ్లింది. అప్పీలు కోర్టు ఈ 1978 చట్టాన్నే ఆధారం చేసుకొని, ఆ వ్యవహారం వరకు ఆమెను ప్రభుత్వాధికారిగానే లెక్కించవచ్చునన్నది. జీతం లేని అధికారి!

గుణుపురం వార్డు మెంబరు:
లాయరు గారూ, గౌరవం, చట్టం రెండూ విన్నాను. ఎడిత్ విల్సన్‌ను మాత్రం ఎవరూ తలవలేదు. 1919 అక్టోబరులో భర్తకు పక్షవాతం వచ్చిన తర్వాత ఏ కాగితం ఆయన దగ్గరకు వెళ్లాలో, ఎవరు ఆయనను చూడాలో ఆమే తేల్చింది. ప్రభుత్వ నిర్ణయమేదీ తాను చేయలేదని తర్వాత రాసుకున్నది. ఈ మాట నాకు కొత్త కాదు. మా వైపు ఒక పంచాయతీలో సరపంచ్ పదవి స్త్రీకి రిజర్వయితే, సంతకం ఆమెది, మాట భర్తది. అడిగితే ఆయనా "నేను సాయమే చేస్తున్నాను" అంటాడు. 1977 తర్వాత రోజలిన్ కార్టర్ మంత్రివర్గ సమావేశాల్లో అందరి ఎదుట కూర్చున్నది, 1979లో మానసిక ఆరోగ్యంపై సెనేటు సంఘం ముందు సాక్ష్యమిచ్చింది. ఆమెను విమర్శించినవారు ఉన్నారు. కాని విమర్శించడానికి ఆమె ఎదురుగా కనబడింది. ఈ తేడా పాప చెప్పాలని నా కోరిక.

రాయగడ మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివి వినిపిస్తే మరో ప్రశ్న వేసింది: రేపు ఒక స్త్రీ అధ్యక్షురాలైతే ఆమె భర్తకూ ఆఫీసు ఇస్తారా?

పర్లాకిమిడి న్యాయవాది:
ఇవ్వవచ్చు మాస్టారూ. చట్టంలో భార్య అని లేదు, జీవిత భాగస్వామి అనే ఉన్నది.