ఇంట్లో పన్నీరు: ఉడకబెట్టి వడకట్టాలా, ఆవిరి పట్టాలా?

గులాబీమొక్క:
పెరట్లో గులాబీలు విరగబూస్తున్నాయి. ముఖానికి రాసుకోవడానికి పన్నీరు ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. రేకులు ఉడకబెట్టి వడకడితే చాలని కొందరు, ఆవిరి పట్టాల్సిందేనని కొందరు అంటున్నారు. నా దగ్గర ప్రత్యేకమైన సామానేమీ లేదు. ఏది మేలు? మల్లెలతో కూడా వస్తుందా?

ఆవిరిచుక్క:
ఆవిరే పట్టండి. ఉడకబెడితే రంగూ పసరూ అన్నీ నీళ్ళలోకి దిగుతాయి. చూడ్డానికి ముద్దొస్తుంది కానీ, ఫ్రిజ్‌లో పెట్టినా వారం దాటితే నమ్మలేం.

సామాను వంటింట్లో ఉన్నదే. లోతైన స్టీలు గిన్నె తీసుకుని, మధ్యలో ఓ చిన్న గిన్నె బోర్లించి, దాని మీద ఇంకో గిన్నె వెల్లకిలా పెట్టండి. చుట్టూ రేకులు వేసి, అవి మునిగేంత వరకే నీళ్ళు పోయండి. వంపున్న స్టీలు మూత తిరగేసి పెట్టి, పైన ఐసు ముక్కలు వేయండి. గాజు మూత వద్దు, వేడి మీద ఐసు పడితే పగలొచ్చు. ఆవిరి ఆ చల్లటి మూతకు తగిలి, చుక్కలై, నడిమికి జారి పై గిన్నెలో పడుతుంది.

మంట సన్నగానే ఉండాలి. నేనైతే చెవితోనే కనిపెడతాను: టప్ టప్‌మని చుక్కలు పడుతుంటే సరే, లోపల గిన్నెలు గడగడలాడితే మంట ఎక్కువైనట్టు. పన్నీరుకు రంగొచ్చిందంటే అడుగు నీళ్ళు ఎగిరి అందులో పడ్డట్టే. అసలు పన్నీరు తేటగా ఉంటుంది.

ఎప్పుడు ఆపాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మంచి వాసనంతా మొదట దిగినదాంట్లోనే ఉంటుంది. మధ్యమధ్యలో చెంచాడు తీసి వాసన చూడండి. ఉడికిన ఆకు వాసన తగలగానే పొయ్యి కట్టేయండి. ఇంకాస్త రానీ అని ఆశపడితే ముందు దిగినదీ పలచబడిపోతుంది.

తోటపని:
పూల సంగతి కూడా చూసుకోండి. పురుగుమందు కొట్టినవి వద్దే వద్దు. ఎండెక్కక ముందే కోసి, అదే పూట వాడేయండి. వాసన లేని గులాబీ ఎంత పెద్దదైనా పన్నీరుకు పనికిరాదు.

గులాబీమొక్క:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి మల్లెలు?

ఆవిరిచుక్క:
మల్లెల జోలికి పోకండి. గులాబీ వాసనలో ప్రధానమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో కరుగుతుంది, అందుకే పన్నీరు అంత బాగా వస్తుంది. మల్లె పరిమళం వేడికి చెడుతుంది. దాని సారం ఎక్కువగా ద్రావకాలతో తీస్తారు, అది ఇంట్లో చేసే పని కాదు. పన్నీరు మాత్రం మరిగే నీళ్ళలో కడిగి, తడి లేకుండా ఆరబెట్టిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ మాత్రం మసకబారినా పారబోయండి.